రెండు వైపులా నేనే రాసుకున్న సంభాషణ

మా ఇంటి ముందర గదిలో, గడియారం కింద, ఒక అద్దాల పటం వేలాడుతుంటుంది. అందులో దేవుడు లేడు. నాకు ఇచ్చిన సన్మాన పత్రం ఉంది. పైన బంగారు రంగు అక్షరాలతో 'ఆంగ్ల భాషా కేసరి శ్రీ ఐలేశం గారికి' అని, దాని కింద పన్నెండు పంక్తుల పొగడ్త. మా ఇంటికి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, నీళ్లు తాగకముందే దాన్ని చదువుతారు. చదువు రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకుంటారు.

ఆ పత్రంలో రాసిందంతా నిజమే. నేను కట్టంగూర్ దగ్గరి ఒక పల్లెలో పుట్టాను. ఊరి బడిలో మొదట ఉర్దూలో చదివాను. తరువాత రాజ్యం మారింది, బడిలో భాష కూడా మారింది, తెలుగులో చదివాను. నకిరేకల్‌కు నడిచిపోయి చదివి, మా ఊళ్లో మెట్రిక్ గట్టెక్కిన మొదటి మనిషినయ్యాను. 1958లో పంతులునయ్యాను. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పాసై, కట్టంగూర్ హైస్కూల్లో ఇంగ్లీషు సారునయ్యాను. 1979లో మా బడి నుంచి నలభై ఒక్కమంది పదో తరగతి పరీక్షకు కూర్చుంటే నలభై ఒక్కమందీ ఇంగ్లీషులో పాసయ్యారు. బోరు కోసం కలెక్టరుకు ఇంగ్లీషులో అర్జీ రాశాను, బోరు పడింది. మా ఊరికి బస్సు కావాలని డిపోకు రాశాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఎర్ర బస్సు వచ్చింది. సౌదీకి, దుబాయికి పోయే అరవై మూడుమందికి పాస్‌పోర్టు కాగితాలు నింపాను, ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

ఇవన్నీ ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఇన్ని చేసిన మనిషి ఒక మూలకు ఎట్లా చిక్కాడో చదివేవాళ్లకు తెలియాలి.

1994 జూన్ ముప్పైన నాకు పదవీ విరమణ అయింది. మా దిక్కు పంతులు రిటైరైతే ఊరికే పంపరు. బడి ముందర షామియానా వేస్తారు, శాలువాలు కప్పుతారు, దండలు ముక్కు దాకా వేస్తారు, చివరికి బ్యాండుతో జీపులో ఇంటికి తోలుకొస్తారు. నాకు కప్పిన శాలువాలు పదిహేడు. అప్పటిదాకా కట్టంగూర్ బడిలో ఎవరికీ పదకొండు దాటలేదు.

ఆ వేదిక మీద నా పాత విద్యార్థి అమరేందర్ కూర్చున్నాడు. నల్గొండలో ఒక ప్రైవేటు కాలేజీ నడుపుతున్నాడు. అతనే ఆ సన్మాన పత్రం అచ్చు వేయించాడు, అతనే మైకులో చదివాడు. చదివాక నా చేతికిచ్చి, ఇంకొక సంగతి చెప్పాడు. తన కాలేజీలో సూడాన్ నుంచి, యెమెన్ నుంచి వచ్చిన పిల్లలు తొమ్మిదిమంది చదువుతున్నారట. వాళ్ల భాష అరబీ. లెక్చరర్లు చెప్పేది వాళ్లకు, వాళ్లు అడిగేది లెక్చరర్లకు అందడం లేదట. అందుకని ప్రతి ఆదివారం గంటసేపు వాళ్లను కూర్చోబెట్టి ఇంగ్లీషులో ముచ్చట పెట్టించే మనిషి కావాలి. ఆ మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడని, ఆయన ఇప్పుడు ఖాళీ అయ్యాడని చెప్పి నా దిక్కు చేయి చూపించాడు.

"మా సారు నోట్లకెళ్లి గంటసేపు ఒక్క తెలుగు ముక్క రాదు. ఎవలన్న పందెం కడ్తరా?" అన్నాడు.

షామియానా కింద మూడు వందలమంది చప్పట్లు కొట్టారు. నేను దండల నడుమ నుంచి తల ఊపాను. ఊపక ఏం చేసేది?

అక్కడ ఉన్న ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ముప్పై ఆరేళ్లలో నేను ఒక్క మనిషితో కూడా ఇంగ్లీషులో మాట్లాడలేదు.

పాఠం చెప్పానా అంటే చెప్పాను. ఒక వాక్యం చదవాలి, తెలుగులో అర్థం చెప్పాలి, పిల్లలందరూ ఒక్క గొంతుతో అనాలి. నాకు చెప్పిన సారు అట్లనే చెప్పాడు, ఆయనకు చెప్పిన సారు కూడా అట్లనే చెప్పి ఉంటాడు. వ్యాకరణంలో నన్ను మించినవాడు లేడు. కాగితం మీద కలం పెడితే ఆగేది లేదు. కానీ ఎదుటి మనిషి ఒక మాట అంటే దానికి బదులు ఒక మాట అనడం నాకు ఎన్నడూ అవసరపడలేదు. ఒక్కసారి మాత్రం పడబోయింది. 1983లో ఒక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, ఆయన ఇంగ్లీషు తప్ప మాట్లాడడని ముందే తెలిసింది. ఆ పొద్దు మెడకు మఫ్లరు చుట్టుకుని పోయాను, గొంతు పోయిందని సైగ చేశాను. ఆయన అడిగినవాటికి అన్నింటికీ బోర్డు మీద రాసి జవాబిచ్చాను. నా దస్తూరీ చూసి ఆయన రిజిస్టరులో మెచ్చుకోలు రాసిపోయాడు. అది కూడా సన్మాన పత్రంలో ఎనిమిదో పంక్తిలో ఉంది.

క్లాసు ఆగస్టు మొదటి ఆదివారం. అయిదు వారాలుంది. నేను మొదటి వారమే అమరేందర్‌కు ఉత్తరం రాశాను. వయసు పైబడిందని, బస్సు ప్రయాణం పడదని, ఈ భారం నుంచి నన్ను మన్నించాలని, మూడు పేజీలు, మంచి ఇంగ్లీషులో. తెలుగులో రాస్తే సరిపోయేది. కానీ ఇంతకాలం మర్యాద కలిగిన సంగతి ఏదైనా ఇంగ్లీషులోనే రాసిన చేయి, ఆ పొద్దు కూడా దాని అలవాటు ప్రకారమే రాసింది.

నాలుగో రోజు అమరేందర్ కారు మా ఇంటి ముందర ఆగింది. చేతిలో నా ఉత్తరం.

"సార్, గీ ఉత్తరం మా స్టాఫ్‌రూంల చదివిన. లెక్చరర్లంత కుర్చీలకెళ్లి లేచిన్రు. రాను అని చెప్పనీకే గింత మంచి ఇంగ్లీషు ఎవలు రాస్తరు సార్? నోటీసుబోర్డుకు అంటించినం. పిల్లలు రాసుకుంటున్రు."

బస్సు పడదన్నారు కదా అని ప్రతి ఆదివారం కారు పంపుతానన్నాడు. నేను వద్దన్నాను, బస్సులోనే వస్తానన్నాను. అంటే వస్తానన్నట్టే అయింది. ఆ సంగతి కారు మలుపు తిరిగాక తెలిసింది.

రెండో దారి గొంతు. మఫ్లరు బయటికి తీశాను. జూలై నెల ఉక్కలో రెండు రోజులు చుట్టుకుని కూర్చున్నాను, మూగసైగలు చేశాను. మా ఇంటామె యాదలక్ష్మి బడికి పోని మనిషి, కానీ నా మొహాన్ని నలభై ఏళ్లుగా చదువుతున్న మనిషి. రెండో నాటి మధ్యాహ్నం అన్నం పెడుతూ చెప్పింది.

"నోరు పడిపోయిందని చేతులు ఊపుతున్నవ్. పప్పుల ఉప్పు లేదని మాత్రం వీధికి ఇనబడేటట్టు చెప్తివి. నిజంగ బీమారైతే దవాఖానకు పా, డాక్టరు నాలిక చూస్తడు."

మఫ్లరు మళ్లీ పెట్టెలోకి పోయింది.

ఇక తప్పించుకునే దారి లేదు కనుక, తయారయ్యే దారి పట్టాను. రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. అందులో సంభాషణ రాయడం మొదలుపెట్టాను. పలకరింపులు, స్వస్థలం, తిండి, వాతావరణం, జీవితాశయం, ఇట్లా ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పాఠం. ప్రశ్నలు నావి, జవాబులు వాళ్లవి. వాళ్ల జవాబులు కూడా నేనే రాశాను.

ఇది విని నవ్వకండి. మా ఊళ్లో పద్య నాటకం ఆడేవాళ్లం. నేను రెండేళ్లు రాజు వేషం, ఒక ఏడాది మంత్రి వేషం వేశాను. హార్మోనియం మాస్టరు గాలయ్య మాకు చెప్పింది ఒక్కటే: నీ మాట ఒక్కటే నేర్చుకుంటే చెడిపోతావు, ఎదుటివాడి మాట కూడా నేర్చుకో, వాడి చివరి మాట చెవిలో పడంగనే నీ నోరు దానంతట అదే తెరుచుకోవాలి. అట్లా నేర్చుకున్నవాడు నిద్రలో లేపినా తప్పడు. నేను ముప్పై నాలుగు పేజీలు రాసి, రెండు వైపులా కంఠతా పట్టాను.

గదిలో ఒక్కడినే రెండు గొంతులతో మాట్లాడుతుంటే యాదలక్ష్మి భయపడుతున్నదని, ఎదుట కూర్చునే మనిషి కోసం నూరుద్దీన్ దగ్గరికి పోయాను. నూరుద్దీన్‌ది కట్టంగూర్ రోడ్డు మీద దర్జీ దుకాణం. తొమ్మిదేళ్లు సౌదీలో కుట్టుపని చేసి వచ్చాడు. అరవై మూడు పాస్‌పోర్టు కాగితాల్లో మొదటిది అతనిదే. ఆ మర్యాద నా మీద ఎప్పుడూ ఉంచాడు. అతనికి ఇంగ్లీషు అక్షరాలు రావు, తెలుగు అక్షరాలు సగమే వచ్చు, ఉర్దూ బాగా చదువుతాడు. అందుకని సూడాన్ పిల్లవాడి జవాబులన్నీ ఉర్దూ అక్షరాల్లో రాసి ఇచ్చాను. చిన్నప్పుడు నేర్చిన ఉర్దూ అట్లా పనికొచ్చింది.

మొదటి రెండు రోజులు నాటకం బాగా సాగింది. నేను మీ స్వస్థలం ఏదని అడిగితే, నూరుద్దీన్ మిషను తొక్కడం ఆపి, కాగితం చూసి, నా స్వస్థలం ఖార్తూమ్ అని చదివేవాడు. మూడో రోజు, పాఠం తిండి మీదికి వచ్చింది. మీరు ఉదయం ఏమి తింటారని అడిగాను. కాగితంలో రొట్టె, వెన్న అని ఉంది. నూరుద్దీన్ కాగితం పక్కకు పెట్టి, సౌదీలో నేర్చిన తన ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పి, చివరికి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. కాగితంలో ప్రశ్నలు అడిగేది నేను. అతను అడిగేది లేదు.

నేను రాసింది చదవమని గట్టిగా చెప్పాను. అతను చదవలేదు. నా దిక్కే చూశాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, నేను అడిగింది నీకు సమజైందా?"

నేను నోటుబుక్కు మూశాను.

"సౌదీల నేనుండే కమ్రాల ఒక సూడానోడు ఉండె సారూ, నాలుగేండ్లు. వాడు ఏమంటడో ముందుగాల నాకెట్ల ఎరుక? వాడు అన్నదాంక ఆగాలె, అన్నంక ఇనాలె. నాకు వచ్చింది నాలుగు మాటలు. ఆ నాలుగిటితోనే తొమ్మిదేండ్లు బతికిన. నీకు నాలుగు వేలొచ్చు. ఒక్కటి బయటికొస్తలేదు."

అతను ఎగతాళి చేయలేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. దుకాణంలో బట్ట కొలతలకు వచ్చిన మనిషి ఎవరూ లేరు గనుక సరిపోయింది. నేను లేచి, ఈ మాట మూడో చెవికి పోవద్దన్నాను.

"ఫికర్ జెయ్యకు. నా పాస్‌పోర్టు కాగితం రాసిన చెయ్యి నీది. నేను కూడ ఆదివారం నీ ఎంబడొస్త" అన్నాడు.

ఆగస్టు మొదటి ఆదివారం ఇద్దరం బస్సెక్కి నల్గొండలో దిగాము. నేను తెల్లని ధోవతి, మీద లాల్చీ, భుజాన సన్మానంలో వచ్చిన శాలువాల్లో మంచిది. మేడ మీద చివరి గదిలో తొమ్మిదిమంది గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పొడుగు పిల్లలు, నేను లోపలికి పోగానే లేచి నిలబడ్డారు. నూరుద్దీన్ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అంతవరకు బాగానే ఉంది. వెనక నుంచి అమరేందర్, ఇద్దరు లెక్చరర్లు వచ్చి, కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మొదటి రోజు కదా, విని పోతాము అన్నారు.

నేను ప్రారంభోపన్యాసం చెప్పాను. పదకొండు నిమిషాలు, ఒక్క తప్పు లేదు. లెక్చరర్లు చప్పట్లు కొట్టారు. అప్పుడు సూడాన్ పిల్లల్లో పెద్దవాడిగా కనబడిన ఇద్రీస్ అనే అతని దిక్కు తిరిగి మొదటి ప్రశ్న అడిగాను.

"వాట్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్?"

నా నోటుబుక్కులో ఆ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యం. ఇద్రీస్ ఒక నిమిషం పైన మాట్లాడాడు. చేతులు చాచాడు, నవ్వాడు, ఏదో నది పేరు చెప్పాడు, చివర్లో నన్ను ఏదో అడిగి ఆగాడు. అందులో నాకు దొరికింది నది పేరు ఒక్కటే.

గది చల్లబడ్డది. అమరేందర్ ముందుకు వంగి నా మొహం చూస్తున్నాడు, తన సారు ఏం చెబుతాడోనని. బయటికి ఒకటే తలుపు, దాని దగ్గర నూరుద్దీన్. అతను కూడా కళ్లు దించుకున్నాడు. ముప్పై ఆరేళ్ల పేరు, పదిహేడు శాలువాలు, గోడ మీది పటం, అన్నీ ఆ క్షణంలో నా నోటి కోసం చూస్తున్నట్టు అనిపించింది.

అప్పుడు నా చేయి బల్ల మీద కొట్టింది, బడిలో నలభై ఒక్కమంది చేత ఒక్క గొంతుతో అనిపించినప్పటిలాగే. నోటుబుక్కులోని జవాబును నేనే గట్టిగా చదివి, మళ్లీ అనమని చేయి ఊపాను. ఇద్రీస్ మర్యాదస్థుడు. అన్నాడు. తొమ్మిదిమందినీ అనమన్నాను. నా స్వస్థలం ఖార్తూమ్ అని యెమెన్ వాళ్లు కూడా అన్నారు. పావుగంట అట్లా సాగింది. లెక్చరర్లకు తాము చదివిన బడి గుర్తొచ్చిందేమో, మెచ్చుకోలుగా తల ఊపారు. అమరేందర్ లేచి, ఇక మా పని లేదు, మీరు కానివ్వండి సార్ అని తలుపు దగ్గరికి వేసి లెక్చరర్లతో పోయాడు.

మెట్లు దిగే చప్పుడు ఆగిపోయాక, ఇద్రీస్ నా దిక్కు చూసి, ఒక్కొక్క మాట విడదీసి, చాలా మెల్లగా అడిగాడు: సార్, నేను చెప్పింది మీకు అర్థమైందా?

ఈసారి ప్రతి మాటా అందింది. దుకాణంలో నూరుద్దీన్ అడిగిందీ ఇదే.

"నో" అన్నాను.

ముందే కాగితం మీద రాసింది కాకుండా, నేను నా అవసరానికి ఒక మనిషితో అన్న మొదటి ఇంగ్లీషు మాట అది. వాళ్లు నవ్వుతారనుకున్నాను. ఇద్రీస్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, లెక్చరర్ల మాటలు తమకూ అందడం లేదని, వాళ్లకు చెప్పడానికి సిగ్గవుతుందని, అదే మెల్లని ఇంగ్లీషులో చెప్పాడు. తరువాత నా నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. తిప్పుతూ తిప్పుతూ తిండి పాఠం దగ్గర ఆగి, ఈ జవాబు ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. తల అడ్డంగా ఊపి, బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్కతో ఒక మొక్క గీశాడు. పొడుగు కాండం, పైన గింజల కంకి. వాళ్ల ఇళ్లలో ఆ గింజల పిండితోనే రొట్టె చేస్తారట. నేను చూస్తూనే గుర్తుపట్టాను, మా దిక్కు చేలలో నిలబడేదే.

"జొన్న" అన్నాను. ఒక్క తెలుగు ముక్క రాదని అమరేందర్ కట్టిన పందెం అక్కడితో ఓడిపోయాను.

అరగంట జొన్నల ముచ్చట నడిచింది. రొట్టె ఎంత పలచన, ఎట్లా కాలుస్తారు, దేనితో తింటారు. మాట దొరకని చోట బోర్డు, బోర్డు చాలని చోట సౌదీలో నేర్చిన అరబీతో నూరుద్దీన్. అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. అమరేందర్ ఎవరో పెద్దమనిషిని తోలుకుని వస్తున్నాడు. నా మొహం మాడిపోయిందేమో, ఇద్రీస్ ఒక్క చూపులో తెలుసుకున్నాడు. బోర్డు తుడిచి, నోటుబుక్కు నా చేతికిచ్చి, తన చోట కూర్చుని, తలుపు తెరుచుకునేసరికి తొమ్మిదిమందితో కలిసి ఒక్క గొంతుతో మొదటి పాఠం అంటున్నాడు.

రెండేళ్లు అదే నడిచింది. తలుపు తెరిచి ఉంటే నాటకం, మూసి ఉంటే ముచ్చట. వాళ్లు నా ముప్పై నాలుగు పేజీలనూ నాకంటే బాగా కంఠతా పట్టారు; ఎవరైనా వస్తే ఏ పాఠం ఎత్తుకోవాలో వాళ్లే చూసుకునేవాళ్లు. మూసిన తలుపు వెనక నేను కొంత నేర్చుకున్నాను కూడా. మెల్లగా అనండి అనడం నేర్చాను, మళ్లీ చెప్పండి అనడం నేర్చాను. ఆ తొమ్మిదిమంది ముందర తప్పులు మాట్లాడగలిగాను. నూరుద్దీన్ తప్ప మనవాళ్లలో ఒక్కడు గదిలో ఉన్నా నా నాలుక అంగిలికి అతుక్కునేది. తప్పు మాట్లాడే హక్కు నాకు ఆ పటం ఇవ్వలేదు.

1996 ఏప్రిల్‌లో వాళ్ల చదువు ముగిసింది. కాలేజీలో వీడ్కోలు సభ పెట్టారు. దానికి వారం ముందు అమరేందర్ ఇంటికి వచ్చి, వచ్చే ఏడాది బయటిదేశాల పిల్లలు పదిహేనుమంది వస్తున్నారని, వాళ్లతో పాటు తన లెక్చరర్లను కూడా నా ముందర కూర్చోబెడతానని, ఆ సంగతి సభలో ప్రకటిస్తానని చెప్పాడు. లెక్చరర్లంటే మనవాళ్లే. ఇక ఆ గదికి మూసిన తలుపు ఉండదు.

ఆ రాత్రి నాకు కూడు దిగలేదు. యాదలక్ష్మి అడిగితే ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"గదేనా? మఫ్లరు జుట్టుకున్ననాడే నాకెరుక. సభల చెప్పెయ్. చెప్పినంక గా పటం తీసి, ఆడ క్యాలెండరు పెట్టుకుందాం. తేదీలన్న కనబడ్తయి."

చెప్పేయాలనే నిర్ణయించుకున్నాను. ఇంగ్లీషులో కాదు, తెలుగులో. ఒక కాగితం మీద పది వాక్యాలు రాసుకున్నాను. నాకు రాయడం వచ్చు, చదవడం వచ్చు, మాట్లాడడం రాదు. ఈ పిల్లలు నన్ను కాపాడుకొచ్చారు. ఇంతకుమించి నన్ను పెద్దచేయకండి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని సభకు పోయాను. బస్సులో నూరుద్దీన్‌కు చూపిస్తే, చదివించుకుని విని, మంచిగుంది సారూ, జర గట్టిగ చదువు అన్నాడు. ఆ కాగితం జేబులో ఉన్నంతసేపు, రెండేళ్లలో మొదటిసారి నా గుండె తేలికగా కొట్టుకుంది.

సభలో నాకు దండలు వేశారు. అమరేందర్ మాట్లాడాడు, పదిహేనుమంది సంగతి, లెక్చరర్ల సంగతి ప్రకటించాడు. ఇప్పుడు సారు ఇంగ్లీషులో నాలుగు మాటలు చెబుతారన్నాడు. నేను లేచి మైకు దగ్గరికి పోయాను. జేబులో చేయి పెట్టాను. మూడు, నాలుగు వందలమంది చూస్తున్నారు. కాగితం బయటికి తీయకుండా, రెండో చేత్తో మైకును పైకీ కిందికీ జరుపుతున్నాను. అది ఇద్రీస్ చూశాడు.

అతనికి నా కాగితం సంగతి తెలియదు. నేను చిక్కుకున్నానని, కాపాడాలని మాత్రమే తెలుసు. తన కుర్చీలో నుంచి లేచి వచ్చి రెండో మైకు పట్టుకున్నాడు. క్లాసులో నేను నిలబడ్డట్టే నిలబడి, నా దిక్కు తిరిగి, నా గొంతులాగే సాగదీసి అడిగాడు.

"వాట్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్, సార్?"

చివరి మాట చెవిలో పడింది. గాలయ్య మాస్టరు చెప్పినట్టే, నా నోరు దానంతట అదే తెరుచుకుంది. నా స్వస్థలం ఫలానా పల్లె అని, అక్కడ ఏం పండుతుందో, ఏం తింటామో, ఇద్రీస్ కోసం నేనే రాసిన జవాబులన్నీ, ఊరి పేరు మార్చి, వెన్న బదులు జొన్న పెట్టి, వరుసగా బయటికొచ్చాయి. అతను అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. తక్కిన ఎనిమిదిమంది కింద నుంచి పెదవులు కదుపుతున్నారు, నేను మరిచిపోతే అందించడానికి. నేను ఎక్కడా మరిచిపోలేదు. మధ్యలో ఆగుదామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఒక్కొక్క ప్రశ్న చివర ఒక్కొక్క మాట పడుతూనే ఉంది, నోరు తెరుచుకుంటూనే ఉంది. జేబులో చేయి కాగితాన్ని పట్టుకునే ఉంది.

అయిపోయేసరికి జనం లేచి నిలబడ్డారు. ఇద్రీస్ కళ్లలో నీళ్లు. నన్ను గట్టెక్కించాననే సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ పిల్లవాడికి ఏమని చెప్పేది? అమరేందర్ రెండో పత్రం తెచ్చి చేతిలో పెట్టాడు. ముందే అద్దం కూడా బిగించి తెచ్చాడు. 'ఆంగ్ల సంభాషణా చక్రవర్తి' అని ఉంది. ముక్కు దాకా దండలతో, అది ఎదకు ఆనించుకుని ఫోటోకు నిలబడ్డాను. అంతమందిలో చప్పట్లు కొట్టనిది నూరుద్దీన్ ఒక్కడే. చేతులు కట్టుకుని నా జేబు దిక్కే చూస్తున్నాడు.

బస్టాండు దాకా ఇద్దరం నడిచాము. పటం నూరుద్దీన్ మోసుకొచ్చాడు. బస్టాండు ముందర పుస్తకాల దుకాణం దగ్గర నా కాళ్లు ఆగాయి. రెండు వందల పేజీల నోటుబుక్కు ఇమ్మని అడిగాను.

"పదిహేను మంది సారూ. మీదికెళ్లి లెక్చరర్లు" అన్నాడు నూరుద్దీన్. "రెండు తీసుకో."

రెండు తీసుకున్నాను.